పదిని కట్టడం, పదిని విప్పడం: నాలుగు రకాల లెక్కల సామాను మీద సమీక్ష

52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ జవాబు గాల్లోంచి వచ్చింది కాదు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేశారు, పక్కన 5లోంచి 2 తీసి 3 వేశారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న నియమాన్ని నిక్కచ్చిగా పాటించారన్నమాట. వాళ్ళకు ఐదు, రెండు అనే అంకెలు కనిపిస్తున్నాయి, యాభై రెండు అనే సంఖ్య కనిపించడం లేదు. "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని చెబితే ఆ పూటకు గండం గడుస్తుంది. వారం తర్వాత 300లోంచి 148 తీసేయమన్నప్పుడు పక్కిల్లు సున్నా, ఆ పక్కిల్లూ దాటి వెళ్ళాలి. అప్పు ఎవరిని అడగాలి? అక్కడ పెన్సిలు ఆగిపోతుంది. "నాకు లెక్కలు రావు" అనే మాట చాలామంది నోట మొదటిసారి వచ్చేది ఇలాంటి చోటే.

ఈ గొయ్యి పూడ్చడానికి అమ్మే సామాను చాలా ఉంది. వాటిలో ఎక్కువగా వాడే నాలుగింటిని ఇక్కడ తూకం వేస్తున్నాం: రెండు వరసల పూసల చట్రం, రంగు కర్రలు, పదుల దిమ్మలు, బాణం కార్డులు. వయసు సుమారు 5 నుంచి 9 ఏళ్ళు. పునాది వదులుగా ఉండి పై తరగతులకు వెళ్ళిపోయిన పిల్లలకూ ఇవే పనికొస్తాయి, కాకపోతే వాళ్ళ ముందు పెట్టే తీరు వేరు. కొలబద్ద ఒక్కటే: పది ఒకట్లు కలిస్తే ఒక పది అవుతుందనీ, ఆ పదిని మళ్ళీ పది ఒకట్లుగా విప్పుకోవచ్చనీ పిల్లల చేతికి తెలియజేస్తుందా లేదా? పెట్టె మీద ఎన్ని రంగులున్నాయి, లోపల ఎన్ని ఆటలున్నాయి అన్నది తర్వాతి మాట.

ఏదీ కొనకముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండు వందల పుల్లలు, ఇరవై రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఐస్‌క్రీం పుల్లలైనా సరే, గీసి ముక్కలు చేసిన అట్టైనా సరే. పుల్లలన్నీ కుప్పగా పోసి ఎన్ని ఉన్నాయో ముందు అంచనా చెప్పించండి, తర్వాత పదేసి కట్టించండి. కట్ట కట్టింది పిల్లలే కాబట్టి లోపల పది ఉన్నాయని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. 27 తీయాలంటే ఏడు విడి పుల్లలు కావాలి, ఉన్నవి రెండే. అప్పుడు పిల్లలే ఒక కట్ట రబ్బరు బ్యాండు ఊడదీస్తారు. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. అందులోంచి ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లోంచి రెండు పోతే రెండు. జవాబు 25. ఇక్కడ ఎవరూ ఎవరి దగ్గరా అప్పు చేయలేదు, తన దగ్గరున్న పదినే చిల్లరగా మార్చుకున్నారు. అసలు "అప్పు" అనే మాటే తిరకాసు. అప్పు తెచ్చుకుంటే తిరిగి ఇవ్వాలి కదా, ఎప్పుడిస్తాం అని అడిగే పిల్లలున్నారు, వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. "చిల్లర మార్చు" అనండి, సరిపోతుంది. మొదటి రెండు వారాల పనికి ఈ పుల్లలను మించిన ప్లాస్టిక్ సామాను లేదు. కొనే సామానేదైనా వీటి తర్వాత రావాల్సిందే.

పూసల చట్రం

దీన్ని రెకెన్‌రెక్ అంటారు. నెదర్లాండ్స్‌లో గణిత బోధన మీద పరిశోధించే ఫ్రాయిడెంతాల్ సంస్థలో ఆడ్రియాన్ ట్రెఫర్స్ రూపొందించాడు. రెండు తీగలు, ఒక్కో తీగకు పది పూసలు, అందులో ఐదు ఎర్రవి, ఐదు తెల్లవి. చూడ్డానికి పాతకాలపు పూసల పలకలా ఉంటుంది, పని మాత్రం పూర్తిగా వేరు. పాత పలక మీద పిల్లలు ఒక్కో పూసనూ జరుపుతూ లెక్కపెడతారు. ఇక్కడ అలా లెక్కపెట్టకుండా ఆపడమే అసలు ఉద్దేశం.

ఎవరికైనా చూడగానే లెక్కపెట్టకుండా తెలిసేది మూడో నాలుగో వస్తువుల వరకే. ఏడు పూసలు ఒకే రంగులో వరసగా ఉంటే లెక్కపెట్టక తప్పదు. ఐదు ఎరుపు, రెండు తెలుపు అయితే చూపుకే ఏడని తెలిసిపోతుంది. 8+7 తీసుకోండి. పై తీగలో ఎనిమిది పూసల్ని ఒక్క తోపుతో జరపాలి, కింద తీగలో ఏడింటిని ఇంకో తోపుతో. ఇప్పుడు ఎర్రవి పైన ఐదు, కింద ఐదు, మొత్తం పది. తెల్లవి మూడు, రెండు, మొత్తం ఐదు. పదిహేను. వేళ్ళు మడిచి "తొమ్మిది, పది, పదకొండు..." అని ఎక్కే పిల్లలు ఆ అలవాటు మానేది ఇలాంటి చోటే. వేళ్ళు వాడొద్దని గదమాయిస్తే మానరు, బల్ల కింద పెట్టి లెక్కపెడతారు, అంతే తేడా.

వాడే పద్ధతిలో ఒక్క నియమం గట్టిగా పట్టుకోవాలి: ఒక సంఖ్యకు ఒక్క తోపు, మహా అయితే రెండు. ఒక్కో పూసను జరిపితే ఈ చట్రం కొన్నదే దండగ. వారం గడిచాక చట్రాన్ని రెండు సెకన్లు చూపించి గుడ్డ కప్పేయండి. "ఎన్ని?" కంటే "ఎలా కనిపించింది?" అన్నది మంచి ప్రశ్న. తొమ్మిదిని ఒకరు "ఐదు, నాలుగు" అంటారు, ఇంకొకరు "పదికి ఒకటి తక్కువ" అంటారు. రెండూ ఒప్పే. రెండో మాట అన్నవారికి 9+6 ఇక కష్టం కాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండు. చట్రాన్ని కొద్దిగా వంచితే పూసలు జారిపోకూడదు. జారిపోయే చట్రంతో పిల్లలకు చిరాకు తప్ప ఏమీ మిగలదు. తీగ సన్నగా ఉండి పూస రంధ్రం పెద్దదైతే ఇలా అవుతుంది. రెండోది మరీ ముఖ్యం. వంద పూసల చట్రాలు అంతటా దొరుకుతాయి, పది వరసలు, ఒక్కో వరస ఒక్కో రంగు. కంటికి ఇంపుగా ఉంటాయి గానీ వరస మధ్యలో ఐదు దగ్గర రంగు మారదు. ఆ మార్పు లేకపోతే ఏడుకీ ఎనిమిదికీ తేడా తెలియాలంటే మళ్ళీ ఒకటీ రెండూ అని ఎక్కాల్సిందే. ఇంట్లో చేసుకోవాలంటే మందపాటి అట్ట, రెండు దారాలు, ఇరవై పూసలు చాలు. దారం బిగువుగా లాగి అట్ట వెనక ముడేయండి.

దీని హద్దు 20. దాన్ని దాటాక మూలన పెట్టేయొచ్చు. ఒకటి రెండు నెలల పని, అయినా తీసిపారేయదగ్గది కాదు.

రంగు కర్రలు

బెల్జియంలో త్వెన్ అనే ఊళ్ళో బడిపంతులుగా పనిచేసిన జార్జ్ క్విజనేర్ తయారుచేసినవి ఇవి. 1950ల్లో కాలెబ్ గటెన్యో అనే గణిత బోధకుడు వీటిని దేశదేశాలకు తీసుకెళ్ళాడు. కర్రకు అడ్డుకోత ఒక సెంటీమీటరు చదరం, పొడవు 1 నుంచి 10 సెంటీమీటర్లు. 1 తెలుపు, 2 ఎరుపు, 3 లేత ఆకుపచ్చ, 4 ఊదా, 5 పసుపు, 6 ముదురు ఆకుపచ్చ, 7 నలుపు, 8 గోధుమ, 9 నీలం, 10 నారింజ. మామూలుగా దొరికే చిన్న సెట్టులో 74 కర్రలుంటాయి: తెల్లవి 22, ఎర్రవి 12, లేత ఆకుపచ్చవి 10, ఊదావి 6, మిగతా ఆరు రంగులూ నాలుగేసి.

నాలుగింటిలో ఎక్కువ కాలం పనికొచ్చేది ఇదే. ఎక్కువగా పాడుచేసి వాడేదీ ఇదే.

మొదట అంకె అనే మాటే ఎత్తకుండా ఆడుకోనివ్వాలి. మెట్లు కడతారు, గోడలు కడతారు, ఏ రెండు కర్రలు పక్కపక్కన పెడితే ఏ మూడోదానికి సరిపోతుందో వాళ్ళే కనిపెడతారు. ఆ తర్వాత నారింజ కర్ర పెట్టి దాని కింద రెండేసి కర్రలతో అంతే పొడవున్న రైళ్ళు కట్టమనండి. నీలం-తెలుపు, గోధుమ-ఎరుపు, నలుపు-లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ-ఊదా, పసుపు-పసుపు. పదిని విడగొట్టే దారులన్నీ ఒకదాని కింద ఒకటి బల్ల మీద పడి ఉంటాయి. ఒకటి దొంగచాటుగా తీసేసి "ఏది పోయింది?" అని అడగండి. ఈ ఆట పదిసార్లు ఆడిన పిల్లలు 7 పక్కన 3 అని ఆలోచించరు, చెయ్యే ముందు వెళుతుంది.

ఇక భిన్నాలు. వీటిని కొనడానికి అసలు కారణం ఇదే అంటాం. ముదురు ఆకుపచ్చ కర్రను "ఒకటి" అనుకుందాం అనండి. అప్పుడు లేత ఆకుపచ్చ దానిలో సగం, ఎరుపు మూడో వంతు, తెలుపు ఆరో వంతు. సగానికి మూడో వంతు కలపాలంటే లేత ఆకుపచ్చ పక్కన ఎరుపు పెట్టాలి. ఆ రెండింటి కింద తెల్లవి పేరిస్తే ఐదు పడతాయి. ఆరింట ఐదు వంతులు. కసాగు అనే మాట రాకముందే హారాలు ఎందుకు సమానం చేయాలో కళ్ళముందు ఉంది: రెండు కర్రల్నీ ఒకే ముక్కతో కొలవాలి కాబట్టి. పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడి రెండు బై ఐదు అని రాసే పిల్లల్ని ఈ కర్రల దగ్గరికి తీసుకొచ్చి, వచ్చిన జవాబు సగం కంటే పెద్దదా చిన్నదా అని అడిగితే చాలు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందో వాళ్ళే తేల్చుకుంటారు.

పాడయ్యేది ఎక్కడంటే, "నలుపు అంటే ఏడు" అని బట్టీ పట్టించడం దగ్గర. రంగుకు విలువ అతికించేస్తే కర్ర మరో అంకెగా మారిపోతుంది, నేర్చుకోవాల్సిన గుర్తులు పదికి బదులు ఇరవై అవుతాయి. ఇప్పుడు ముదురు ఆకుపచ్చ "ఒకటి" అంటే, "కాదు, అది ఆరు" అని పట్టుబడతారు, భిన్నాల దారి అక్కడే మూసుకుపోతుంది. అందుకే "ఇది ఎంత?" అని ఒంటరి కర్రను ఎప్పుడూ అడగకూడదు. "తెలుపు ఒకటైతే ఇది ఎంత? ఎరుపు ఒకటైతే?" అని రెండో కర్రతో జతచేసి అడగాలి. సెంటీమీటరుకో గీత చెక్కిన కర్రలూ అమ్ముతున్నారు. వద్దు. గీత కనిపిస్తే పిల్లలు గీతలే లెక్కపెడతారు, పొడవును పొడవుగా చూడరు.

కొలత తేడా ఉన్న సెట్టు కొంటే డబ్బు దండగే కాదు, తప్పు నేర్పినట్టు. పెట్టె తెరవగానే పది తెల్ల ముక్కల్ని స్కేలు అంచున వరసగా ఆనించి, పక్కన నారింజ కర్ర పెట్టండి. చెక్క ముక్కకు ఒక్కో చివర రంగు పూత 0.1 మిల్లీమీటరు మందం ఉందనుకోండి. ఒక ముక్కకు 0.2 మి.మీ. పెరుగుతుంది, పదింటికి 2 మి.మీ. నారింజ కర్రకు రెండు చివర్లే కాబట్టి అది పెరిగేది 0.2 మాత్రమే. తేడా 1.8 మి.మీ. అంటే ఒకటిలో దాదాపు ఐదో వంతు. "పది తెల్లవి నారింజకు సమానం" అని మనం చెబుతుంటే కర్రలు కాదంటాయి. అప్పుడు పిల్లలు మన మాట నమ్మాలా, కళ్ళను నమ్మాలా? మంచి తయారీదారు పూత మందాన్ని ముందే లెక్కలోకి తీసుకుని చెక్క కోస్తాడు. ఒక మిల్లీమీటరు లోపు తేడా అయితే సర్దుకోవచ్చు, మించితే వెనక్కి పంపేయండి. ప్లాస్టిక్‌వి కొలతలో సాధారణంగా నయం, కాకపోతే నున్నటి బల్ల మీద జారిపోతాయి. కింద ఒక గుడ్డ పరిస్తే సరి.

ఇంకో లోటు కర్రల సంఖ్యది. 74 సెట్టుతో ఆరు ఏళ్ళు (6×7) నలభై రెండు పేర్చాలంటే ఆరు నల్లవి కావాలి, ఉన్నవి నాలుగు. ముదురు ఆకుపచ్చవి ఏడు కావాలి, అవీ నాలుగే. చిన్న ఎక్కాలకు ఇబ్బంది లేదు. మూడు ఊదా కర్రలు పక్కపక్కన పెట్టి దీర్ఘచతురస్రం చేసి, దాని మీద నాలుగు లేత ఆకుపచ్చవి అడ్డంగా పేరిస్తే సరిగ్గా కప్పేస్తాయి. 3×4, 4×3 ఒకటేనని అంతకంటే సూటిగా చూపించే సామాను మరోటి లేదు. పెద్ద ఎక్కాలకు రెండు సెట్లు కలపాలి, లేదా గళ్ళ కాగితం మీదికి మారాలి. మారడమే మేలు. ఎనిమిదో ఎక్కం దాకా వచ్చిన పిల్లలకు కర్రలతో పని తీరిపోయి ఉండాలి.

రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని పిల్లలకు ఇవి పనికిరావనుకుంటారు. పనికొస్తాయి, ఎందుకంటే పొడవు ఎలాగూ వేరు. కళ్ళు మూసుకుని తడిమి చెప్పే ఆట అందరితో ఆడిస్తే ఆ తేడా ఎవరికీ గుర్తుకే రాదు. తెల్ల ముక్క సెంటీమీటరు ఘనం కాబట్టి మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో నేల మీద వదలకండి, గొంతులో అడ్డంపడే పరిమాణం అది.

పదుల దిమ్మలు

హంగేరీలో పుట్టిన గణిత బోధకుడు జోల్తాన్ దీనెష్ పేరుతో వీటిని దీనెష్ దిమ్మలు అని కూడా అంటారు. సెంటీమీటరు ఘనం విలువ ఒకటి, పది సెంటీమీటర్ల కడ్డీది పది, పది బై పది పలకది వంద, పెద్ద ఘనానిది వెయ్యి. ఎక్కువగా అమ్ముడుపోయేది 121 ముక్కల సెట్టు: ఒకట్లు 100, కడ్డీలు 10, పలకలు 10, పెద్ద ఘనం 1.

ఈ పంపకాన్ని ఎవరు నిర్ణయించారో గానీ కూడికలు చేసి చూసినట్టు లేదు. 276కు 358 కలపాలంటే పలకలు ఐదు, ఒకట్లు పద్నాలుగు, కడ్డీలు పన్నెండు కావాలి. పెట్టెలో ఉన్నవి పది. అంటే మార్పిడి నేర్పాల్సిన లెక్క దగ్గరే సామాను చాలదు. రెండు సంఖ్యల కూడికలో ఏ స్థానంలోనైనా గరిష్ఠంగా పడేవి 9+9, అంటే పద్దెనిమిది. కాబట్టి ఒక్కొక్కరికి ఇరవై కడ్డీలు, ముప్ఫై ఒకట్లు ఉంటే చాలు, వంద ఒకట్లు అక్కర్లేదు. విడి కడ్డీలు అమ్మేచోట పది అదనంగా కొనండి. దొరక్కపోతే సెంటీమీటరు గళ్ళ కాగితాన్ని అట్టకు అతికించి 1×10 పట్టీలు కత్తిరించండి.

ఒకట్లు పసుపు, పదులు ఆకుపచ్చ, వందలు నీలం అంటూ స్థానానికో రంగున్న సెట్లు దుకాణంలో బాగా ఆకట్టుకుంటాయి. మేం ఒకే రంగువే కొనమంటాం. పది పసుపు ముక్కలు కలిస్తే ఆకుపచ్చ ఎలా అవుతుంది? పిల్లలకు అది లెక్కలా కాదు, గారడీలా కనిపిస్తుంది. ఒకే రంగైతే పది ముక్కల్ని వరసగా పేర్చి పక్కన కడ్డీ పెట్టగానే రెండూ ఒకటేనని తెలుస్తుంది. కడ్డీ మీద గాట్లు లోతుగా, వేలికి తగిలేలా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

వీటికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది: కడ్డీ విరగదు. పుల్లల కట్ట విప్పితే పది పుల్లలు బయటికొస్తాయి, కడ్డీని మాత్రం పెట్టెలో పెట్టేసి వేరే పది ముక్కలు తెచ్చుకోవాలి. పుల్లల దశ దాటకుండా నేరుగా దిమ్మలిస్తే "ఇది ఎక్కడికి పోయింది, ఇవెక్కడి నుంచి వచ్చాయి" అన్న సందేహం లోపల ఉండిపోతుంది. మొదటి వారం మార్పిడి చేసిన ప్రతిసారీ పది ముక్కల్నీ కడ్డీ పక్కన ఆనించి, సరిపోయాయని చూశాకే కడ్డీని తీయించండి. నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి.

దిమ్మలు పెట్టడానికి ఒక చాప కావాలి. ఏ3 కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు నిలువు గదులు చేస్తే ఒక్కోటి 14 సెంటీమీటర్లు, పది సెంటీమీటర్ల పలక హాయిగా పడుతుంది. ఎడమ నుంచి వందలు, పదులు, ఒకట్లు. ఒకట్ల గదిలో ఐదేసి గళ్ళ రెండు వరసలు గీయండి. గళ్ళు నిండాయంటే పది అయిందని, పక్కగదికి పంపాలని చెప్పే పని కాగితమే చూసుకుంటుంది.

ఇప్పుడు ఆ 300 - 148. మూడు పలకలు పెట్టారు. ఒకట్ల గది ఖాళీ, పదుల గదీ ఖాళీ. ఒక పలక ఇచ్చి పది కడ్డీలు తెచ్చుకోవాలి. పలకలు రెండు, కడ్డీలు పది. ఇంకా ఒకట్లు లేవు. ఒక కడ్డీ ఇచ్చి పది ముక్కలు తెచ్చుకోవాలి. ఇప్పుడు పలకలు రెండు, కడ్డీలు తొమ్మిది, ముక్కలు పది. కాగితం మీద సున్నా నెత్తిన ఎక్కడి నుంచో ఊడిపడే ఆ తొమ్మిది ఇదే. ఇక ఎనిమిది ముక్కలు, నాలుగు కడ్డీలు, ఒక పలక తీసేస్తే 152. దిమ్మ కదిపిన ప్రతిసారీ కాగితం మీద ఆ మార్పు రాయాలి, దిమ్మలతో లెక్కంతా చేసేసి చివర జవాబు ఒక్కటే రాయకూడదు. చాలా తరగతుల్లో జరిగే పొరపాటు ఇదే. దిమ్మల లెక్క దిమ్మలదీ, పుస్తకం లెక్క పుస్తకానిదీ అయిపోయి రెండూ ఒకటేనని పిల్లలకు ఎప్పటికీ తట్టదు. ఒకరు దిమ్మలు కదిపితే పక్కవారు రాయడం, తర్వాత మారడం తేలికైన ఏర్పాటు.

పెద్ద ఘనం గురించి ఒక చిన్న సంగతి. అది బోలుగా ఉంటుంది, పిల్లలకు కనిపించేది ఆరు ముఖాలు, ముఖానికి వంద గళ్ళు. "ఇందులో ఎన్ని?" అంటే ఆరు వందలు అనే జవాబు తరచుగా వస్తుంది, అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. పది పలకలు ఒకదానిమీదొకటి పేర్చి పక్కన ఈ ఘనాన్ని పెట్టండి. ఎత్తు సరిపోవాలి, సరిపోకపోతే ఆ సెట్టు కొలతలూ తేడానే.

బాణం కార్డులు

నాలుగింటిలో చవకైనది, చూడ్డానికి నీరసంగా ఉండేది. కానీ "నూట ఐదు" అని చెబితే 1005 అని రాసే పిల్లలకు దీనికి మించిన మందు లేదు. వాళ్ళు విన్నది విన్నట్టే రాశారు, నూరుకు 100, ఐదుకు 5. మొత్తం 36 కార్డులు: 1 నుంచి 9, 10 నుంచి 90, 100 నుంచి 900, 1000 నుంచి 9000. కార్డు కుడి అంచు బాణంలా ఉంటుంది. 100 కార్డు మీద 5 కార్డును బాణాలు కలిసేలా పెడితే చివరి సున్నా మీద 5 కూర్చుని 105 అవుతుంది. పై కార్డు ఎత్తితే కింద 100 అలాగే ఉంది. 5 వచ్చి వందను చెరపలేదు, సున్నా స్థానంలో కూర్చుంది, అంతే. సున్నాకు కార్డు లేకపోవడం కూడా మంచిదే. ఏమీ లేనిచోట కింది కార్డులోని సున్నా కనిపిస్తుంది, దాని పని అదే.

వీటిని కొనక్కర్లేదు. అంకెకు 3 సెంటీమీటర్ల వెడల్పు లెక్కన 3, 6, 9, 12 సెంటీమీటర్ల పట్టీలు, ఒక్కో రకం తొమ్మిదేసి. అంకెను గడి మధ్యలో రాయాలి, బాణం మొన గడికి బయట ఉండాలి. అచ్చు వేసిన చౌక సెట్లలో తప్పు ఇక్కడే వస్తుంది: అంకెల్ని కార్డు మధ్యకు సర్దుతారు, దాంతో ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు కింది సున్నా సగం బయటికి తొంగిచూస్తుంది. కొనేముందు 4000, 300, 20, 7 పేర్చి చూడండి. శుభ్రంగా 4327 కనిపించాలి.

దిమ్మలతో కలిపి వాడితేనే వీటికి బలం. చాప మీద దిమ్మలు, దాని కింద కార్డులు, ఆ కింద పుస్తకం.

ఫోన్లలో, ట్యాబ్లెట్లలో దిమ్మల యాప్‌లు వచ్చాయి. చాలావాటిలో పదో ముక్క పడగానే అవి వాటంతటవే అతుక్కుని కడ్డీ అయిపోతాయి. పిల్లలు చేయాల్సిన ఒకే ఒక్క పనిని యంత్రం చేసేస్తోంది. మార్పిడి కోసం పిల్లలు వేలితో నొక్కి విడగొట్టాల్సి వచ్చే యాప్ అయితే, చేతి దిమ్మలు అయిపోయాక సాధనకు పనికొస్తుంది. గడియారం తిరుగుతూ మార్కులు వేసే ఆటలను మాత్రం ఈ దశలో దగ్గరికి రానివ్వకండి. తొందరపెడితే పిల్లలు తమకు బాగా అలవాటైన దారిలోకి, అంటే వేళ్ళ మీద లెక్కపెట్టడానికే, తిరిగి పోతారు.

ఎంతసేపు, ఎన్నాళ్ళు అన్నదానికి మా లెక్క ఇది. రోజుకు పావుగంట, వారానికి నాలుగైదు రోజులు. రోజుకు మూడు లెక్కలు చాలు, ఇరవై వద్దు. సరైన జవాబుకు కూడా "ఎలా వచ్చింది?" అని అడగండి. తప్పినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు రబ్బరు వెతుక్కుంటారు. తప్పు జవాబును చెరపనివ్వకుండా పక్కన ఉంచి, దిమ్మలతో మళ్ళీ చేయించి, రెండింటిలో ఏది నమ్మాలో వాళ్ళనే తేల్చమనండి. తప్పును తానే పట్టుకున్న పిల్లలకు మన శభాష్ అంతగా అవసరం ఉండదు.

సామాను ఎప్పుడు తీసేయాలన్నది చాలామంది ఆలోచించరు. వస్తువు, తర్వాత దాని బొమ్మ, తర్వాత అంకె అనే వరసను 1960ల్లో మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ చెప్పిన మూడు దశలతో పోల్చి చెబుతుంటారు. ఆచరణలో మధ్య మెట్టునే ఎక్కువమంది ఎగ్గొడతారు. నిన్నటిదాకా దిమ్మలు, ఇవాళ ఖాళీ పుస్తకం. అలా కాకుండా వందకు చదరం, పదికి నిలువు గీత, ఒకటికి చుక్క పెట్టి బొమ్మ గీయించండి. 243 అంటే రెండు చదరాలు, నాలుగు గీతలు, మూడు చుక్కలు. తీసివేతలో ఒక గీతను కొట్టేసి పది చుక్కలు పెట్టుకుంటారు. పరీక్షలో దిమ్మలు ఉండవు, అయినా పుస్తకం అంచున ఈ గీతలు గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెయ్యి దిమ్మల వైపు చాచి, తాకకుండానే జవాబు చెప్పడం మొదలైతే పెట్టె మూసే వేళ అయింది. అలాగని అటకెక్కించకండి. వేలకు పోయినప్పుడు, భిన్నాలకు వెళ్ళినప్పుడు మళ్ళీ రెండు రోజులు దించాల్సి వస్తుంది.

పై తరగతి పిల్లలతో ఒక్క జాగ్రత్త. పదకొండేళ్ళవారి ముందు రంగు దిమ్మలు పోస్తే చిన్నపిల్లల్ని చేస్తున్నారని ముడుచుకుపోతారు. వాళ్ళకు కర్రలతో భిన్నాల దగ్గర మొదలుపెట్టండి, లేదా నేరుగా చదరం-గీత-చుక్క బొమ్మలతో. ఇంకో దారి, చిన్న తరగతి వారికి నేర్పే పని అప్పగించడం. నేర్పాలంటే 300లో ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తమకు తెలియాలి కదా.

అన్నీ కొనలేమనుకుంటే వరస ఇది: పుల్లలు, సొంతంగా చేసుకున్న బాణం కార్డులు, ఒకే రంగు పదుల దిమ్మలు (కడ్డీలు ఇరవై), ఆ తర్వాత కర్రలు. ఐదారేళ్ళ పిల్లలుంటే పూసల చట్రం అన్నిటికంటే ముందు. గళ్ళున్న పెట్టెలో సర్దితే ఏది తగ్గిందో చూడగానే తెలుస్తుంది. చెక్కవాటిని తడిగుడ్డతో తుడవాలే తప్ప నీళ్ళలో ముంచకూడదు, ఉబ్బితే కొలత పోతుంది. నారింజ కర్ర పోతే కంగారు లేదు, రెండు పసుపు కర్రల్ని చివర్లు ఆనించి పైన టేపు అతికిస్తే పని నడుస్తుంది. తెల్ల ముక్కలు మాత్రం ఎన్ని ఉన్నా సోఫా కిందికే పోతాయి, కొనేటప్పుడే ఒక పాతిక అదనంగా తీసుకోండి.